జానెడు సందు

ఆ బిడ్డని ఎవరెత్తుకున్నా ముందు ముద్దు పెట్టుకుంటారు. తండ్రి మాత్రం రెండు అరచేతుల్లో పడుకోబెట్టుకుని, కొంచెం పైకీ కిందికీ ఆడించి, కళ్ళు సగం మూసి ఏదో అంచనా వేసుకుని, ఆ తర్వాతే ముద్దు పెట్టుకుంటాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. కాటాలు బాగుచేయడం అతని పని. కూరగాయల కొట్లలో, మందుల దుకాణాల్లో, పాత ఇనుము కొనేవాళ్ళ దగ్గర, ఎక్కడ ముల్లు మొరాయించినా అతనికే కబురొస్తుంది. స్నేహితులు అతనికి గ్రాము అని పేరు పెట్టారు. పెళ్ళయ్యాక భార్య ఆ పేరుకి కాస్త మర్యాద తగిలించి గ్రాముగారు అంది. కోపమొచ్చినప్పుడు ఆ మర్యాద ఊడబీకేస్తుంది.

ఆమె సిటీ బస్సు డ్రైవరు. శిక్షణ పూర్తయి, ఈ రూటు ఇక నీదే అని డిపోలో చెప్పేవేళకి కడుపుతో ఉంది. సీటు వెనక్కి జరిపి, మళ్ళీ కొంచెం వెనక్కి జరిపి, పొట్ట స్టీరింగుకి తగిలేదాకా నడిపి అప్పుడు సెలవు పెట్టింది. సెలవు అయ్యాక మళ్ళీ మొదటినుంచీ పరీక్షాకాలం. అది గడవకముందే మానేస్తే ఇంక తీసుకోరు. ఆ సంగతి డిపో పెద్దాయన మొహమాటం లేకుండా చెప్పేశాడు. చిన్నప్పుడు వాకిట్లో కుర్చీ తిరగేసి, చిల్లుపడ్డ మూకుడు తిప్పుతూ నోటితో హారను కొట్టిన మనిషి ఆమె. ఆ ఉద్యోగం ఆమెకి జీతం కోసమే కాదు.

బిడ్డ తొందరపడి, చెప్పిన తేదీకంటే ముందే వచ్చేసింది. చిన్నగా, ముడుచుకుని, గుప్పెట్లో పట్టేలా ఉంది. ఆసుపత్రి నర్సు తువ్వాల్లో చుట్టి తండ్రి చేతికిస్తూ "బరువు మీద ఓ కన్నేసి ఉంచండి" అంది. నర్సులు రోజూ పదిమందికి చెప్పే మాటే అది. ఈసారి చెప్పకూడని మనిషికి చెప్పింది.

గ్రాము ఆ మాటని ప్రభుత్వ ఉత్తర్వులా నెత్తిన పెట్టుకున్నాడు. పాత ఇనుము కొట్లో, ఎవరో డాక్టరు పారేసిన పిల్లల కాటా ఒకటి వెతికి తెచ్చాడు. పైన పొడుగాటి స్టీలు పళ్ళెం, కింద బొజ్జలాంటి డబ్బా, డబ్బాకి గుండ్రటి ముఖం, ముఖంలో ముల్లు. తుప్పు గీకాడు, స్ప్రింగు మార్చాడు, రంగు వేశాడు. కాళ్ళకున్న రబ్బరు బుడిపెలు మాత్రం ఎండి గచ్చుపెంకుల్లా అయిపోయాయి. "అవి తర్వాత మారుస్తాలే" అన్నాడు. ఊరందరి కాటాలకీ కొత్త బుడిపెలు వేసే మనిషికి ఆ తర్వాత అన్నది ఎప్పుడొస్తుందో భార్యకి బాగా తెలుసు. ఇంట్లో గడియారం ఆగిపోయి ఏడాది.

రోజూ స్నానం చేయించగానే తూకం. పిల్ల కాళ్ళు కొట్టుకుంటుంది, ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ రెండు కొసల నడిమి ఎక్కడో పట్టుకోవడం గ్రాముకి చేతనవును. ఎంత అని భార్య అడిగితే అంకె చెప్పడు. "నిమ్మకాయంత పెరిగింది" అంటాడు. ఇంకోరోజు "తాళంచెవుల గుత్తంత." ఓ వారమంతా చూసుకుని "నిక్షేపంలాంటి ఉల్లిపాయ" అన్నాడు. బిడ్డకి పావుకిలో అని పేరు పడింది. పెద్దయ్యాక ఈ పేరు తెలిస్తే మనల్ని ఇంట్లోంచి వెళ్ళగొడుతుంది అని తల్లి అనేది గానీ, పిలవడంలో ఆవిడే ముందు.

అప్పుడు అన్నీ ఒక్కసారే మీదపడ్డాయి. సెలవు అయిపోయింది. పాత ఇల్లు డిపోకి దూరం, తెల్లవారకముందే డ్యూటీ ఎక్కాలంటే కుదరదు. డిపో వెనక సందులో మేడమీద రెండు గదులు దొరికితే అందులో దిగారు. పిల్లని ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నకి గ్రాము ఎక్కువ ఆలోచించలేదు. అంగట్లో మెట్లకింద ఉన్న తన కొట్టుకి తాళం వేసి, పనంతా ఇంటికి తెచ్చుకున్నాడు. కొత్తింట్లో ముందుగది సగం కాటాలతో నిండిపోయింది, మిగతా సగం పిల్ల ఆక్రమించింది.

సామాను దించిన రోజు ఆమె గదిలో అడుగుపెట్టి, రెండడుగులు వేసి ఆగిపోయింది.

"ఈ గది పల్లంగా ఉంది."

"ఎటు?"

"కిటికీ గోడవైపు. కాళ్ళకి తెలుస్తోంది."

"నువ్వింకా బస్సు దిగలేదు" అని నవ్వాడు గ్రాము. "హ్యాండ్‌బ్రేకు వేసుకుని పడుకో."

కిటికీ గోడకి దగ్గరగా నున్నటి బల్ల వేసి, దానిమీద పిల్లల కాటా పెట్టాడు. తూకపు రాళ్ళు పెట్టి సరిచూశాడు. ముల్లు చెప్పినచోట చెప్పినట్టు నిలబడింది. వెలుతురు బాగా పడే చోటు, పిల్లకి కిటికీలోంచి బస్సులు కనిపిస్తాయి. ఇంతకంటే ఏం కావాలి.

మర్నాటినుంచి ఆమె డ్యూటీలో ఉంది. మొదటి ట్రిప్పులో చేతులకి చెమటలు పట్టాయి, రెండో ట్రిప్పుకి పాత ప్రాణం లేచొచ్చింది. శిక్షణ ఇచ్చిన పెద్దాయన ఒకే ఒక్క పాఠం వందసార్లు చెప్పేవాడు. కాలిబాట అంచుకీ చక్రానికీ మధ్య జానెడు సందు ఉండాలి. ఎక్కువైతే మోకాళ్ళ నొప్పులవాళ్ళు దిగలేరు, తక్కువైతే టైరు రాసుకుని అంచుమీద నల్లచార పడుతుంది. ఆ చార చూసి, ఏ స్టాపులో ఎవడు నిద్రపోతూ నడిపాడో చెప్పేవాడాయన. ఆమె ఆపిన చోటల్లా జానెడు, కొలిచినట్టు. కొత్తగా జతపడ్డ కండక్టరు, వయసులో చిన్నవాడు, దిగి వంగి చూసి "అక్కా, నీ చెయ్యి కిందపెట్టి ఆపుతున్నావా ఏంటి" అన్నాడు.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ అడిగింది. "ఎంత?"

"నిన్నటంతే" అన్నాడు గ్రాము.

పెద్దగా పట్టించుకోలేదు. ఇల్లు మారారు, చెయ్యి మారింది, పిల్లలకి తెలుస్తుంది. ఆ మర్నాడూ అంతే. ఆ తర్వాత ఓ సాయంత్రం ఆమె అడిగితే అతను పళ్ళెం తుడుస్తూ "కొంచెం తగ్గింది" అన్నాడు.

"కొంచెమంటే? నిమ్మకాయంతా?"

"తగ్గింది" అన్నాడు మళ్ళీ. ఏ వస్తువు పేరూ చెప్పలేదు. ఆమెకి భయం వేసింది అక్కడే.

రోజురోజుకీ ముల్లు వెనక్కి జరుగుతూనే ఉంది. గ్రాము పాలసీసాని వెలుతురుకెత్తి పట్టుకుని ఎంత తాగిందో చూసేవాడు. తల్లి తీసిపెట్టి వెళ్ళిన పాలు చుక్క మిగలకుండా తాగించేవాడు. ఒడిలో పెట్టుకుని ఓసారి, భుజాన వేసుకుని ఓసారి, ఆమె పాత చొక్కా తన ఒంటికి చుట్టుకుని ఓసారి పట్టి చూశాడు. అద్దంలో తన వాలకం చూసుకుని తనకే నవ్వొచ్చింది. ముల్లు మాత్రం కరగలేదు.

ఈలోగా గ్రాము అక్క చూడ్డానికి వచ్చింది. ముగ్గురిని పెంచిన మనిషి. పెంచినట్టు ఎదుటివాళ్ళు ఒక్క పూట కూడా మర్చిపోకుండా చూసుకుంటుంది.

"పిల్లలు తల్లి వాసనకి పెరుగుతారు అమ్మాయ్. సీసాలకి కాదు."

"పాలు నావే కదా వదినా."

"పాలు నీవే. నువ్వెక్కడున్నావు?" అని, తమ్ముడివైపు తిరిగింది. "ఒరేయ్, నేను ఒక్కమాట కూడా అనను. మీ ఇష్టం. నేనైతే ముగ్గుర్నీ చంక దించలేదు."

ఒక్కమాట కూడా అననని చెప్పి సాయంత్రందాకా అదే మాట్లాడింది. ఇలా మాట్లాడేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, అదే చిక్కు. చెడ్డవాళ్ళయితే రెండు మాటలనేసి పంపించెయ్యొచ్చు. తల్లి త్యాగం గొప్పతనం గురించి ఎక్కువ తెలిసినవాళ్ళెప్పుడూ ఆ త్యాగం తాము చేయక్కర్లేనివాళ్ళే. ఆ వదినగారు నిజంగానే పిల్ల కోసం బెంగపడింది. వెళ్ళేటప్పుడు కళ్ళు తుడుచుకుంది. ఆ కళ్ళనీళ్ళకి సమాధానం చెప్పడం ఏ డ్రైవరుకీ శిక్షణలో నేర్పరు.

టీకా వేయించడానికి కొత్త వీధి చివరున్న ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడి నర్సు పిల్లని తూచి "బాగుందండీ, చక్కగా పెరుగుతోంది" అంది. తల్లికి ఊపిరి వచ్చింది. గ్రాము మాత్రం పిల్లని తీసుకుని, ఆ మిషన్ పళ్ళేన్ని వేలితో మెల్లగా నొక్కి వదిలాడు. ఇంకోసారి నొక్కి వదిలాడు.

"ఇది నమ్మకండి. స్ప్రింగు అలిసిపోయింది, ఎక్కువ చూపిస్తోంది."

"నేను పిల్లని చూసి చెబుతున్నా సార్. మీరు మిషన్ని చూస్తున్నారు."

"పిల్లని కూడా రోజూ చూస్తున్నానండీ. ఇంట్లో మంచి కాటా ఉంది."

నర్సు ఆమెవైపు చూసింది, మీరేమంటారు అన్నట్టు. ఆమె ఏమంటుంది. కాటాల విషయంలో మొగుడి మాట తప్పడం ఆమె ఇంతవరకూ చూడలేదు. తిరిగొస్తుంటే వీధి మొదట్లో పళ్ళమ్మే ఆవిడ దగ్గర ఆగారు. గ్రాము బత్తాయిలు కొనడం మానేసి ఆవిడ కాటా సర్దడం మొదలుపెట్టాడు. పళ్ళెం అంచు పక్కనున్న బుట్టని తాకుతోంది.

"పళ్ళెం దేన్నీ తాకకూడదమ్మా. తాకిందంటే బరువులో కొంత ఆ బుట్ట మోస్తుంది. ముల్లుకి అది తెలీదు."

"మోస్తే మోసిందిలే నాయనా, నీకే కదా లాభం. ఎక్కువ పళ్ళొస్తాయి" అంది ఆవిడ.

"లాభం కాదమ్మా, తప్పు తప్పే" అని బుట్టని జరిపి వచ్చాడు. నవ్వు ఆపుకోడానికి ఆమె పిల్ల మెడలో మొహం దాచుకుంది. చాలా రోజులకి నవ్వింది.

ఆమెకి కళ్ళు లేక కాదు. పిల్ల గౌను చంకల దగ్గర బిగిసింది. ఆ మాటే అంటే, "ఉతికితే గుడ్డ ముడుచుకుంటుంది" అన్నాడు. ఎత్తుకుంటే నడుం లాగేస్తోంది అంటే, "పొద్దస్తమానం బస్సు తిప్పితే లాగదా" అన్నాడు. ప్రతిదానికీ అతని దగ్గర జవాబుంది. ఆ జవాబులు వాదన కోసం చెప్పినవి కావు, బెంగకొద్దీ చెప్పినవి. అందుకే ఆమె వాటినీ నమ్మింది. తన చేత్తో బాగుచేసిన కాటాని అనుమానించడం అతనికి తోచలేదు. దాన్ని వదిలేస్తే మిగిలింది పిల్ల, పాలు, డ్యూటీ.

ఓ సాయంత్రం, ముల్లు ఇంకాస్త వెనక్కి వెళ్ళాక ఆమె అంది.

"రేపు మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున్నే డిపోకి పోయి డ్రైవరు బట్టలు అప్పగించేస్తా."

గ్రాము చేతిలో పిల్ల తువ్వాలు అలాగే ఉండిపోయింది. "నేను మానెయ్యమన్నానా?"

"నువ్వనలేదు. ముల్లు అంటోంది."

"నా చేతిలో సరిగ్గా తాగడం లేదేమో. ఇంకో నాలుగు రోజులు చూద్దాం. నేనింకేదైనా..."

"ఇంకేం చేస్తావు? నా చొక్కా కూడా వేసుకున్నావుగా."

అతను నవ్వలేదు. ఆమె పిల్లని తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ రాత్రి ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా పడుకున్నారనుకుంటే పొరపాటు. ఇద్దరూ పిల్లవైపే తిరిగి పడుకున్నారు, మధ్యలో అది అడ్డంగా, చేతులు రెండూ చాచి, ఊరంతా తనదే అన్నట్టు.

తెల్లారి ఆమె ఖాకీ చొక్కా, ప్యాంటు ఇస్త్రీ చేసింది. అప్పగించే బట్టలు నలిగి ఉండకూడదు. వేసుకునేటప్పుడు ఏనాడూ అంత శ్రద్ధ పెట్టలేదు. మడత మీద మడత సరిచేసి, సంచిలో పెట్టి, సంచి గుమ్మం దగ్గర పెట్టింది. పిల్లకి స్నానం చేయించి, గ్రాము వంటింట్లో పాలు వెచ్చబెడుతుంటే, కాటా పళ్ళెంలో పడుకోబెట్టి ఒంటికి పౌడరు రాస్తోంది. పిల్ల కాలితో ఒక్క తన్ను తన్నింది. పౌడరుడబ్బా మూత ఎగిరి కిందపడి, దొర్లుకుంటూ బల్లకింద నుంచి కిటికీ గోడదాకా పోయి, అక్కడ ఆగింది.

అంటే గది పల్లమే. నేనన్నానా లేదా అనుకుంటూ, ఒక చెయ్యి పిల్ల పొట్టమీద ఉంచి, రెండో చేత్తో మూత అందుకోడానికి ఒంగింది. ఒంగినప్పుడు ఆమె కళ్ళు సరిగ్గా పళ్ళెం అంచు ఎత్తుకి వచ్చాయి.

గోడ సున్నం మీద చార ఉంది. నల్లగా, అడ్డంగా, వేలెడు పొడుగున. పళ్ళెం అంచు ఉన్నచోటే ఉంది. స్టాపుల్లో కాలిబాట అంచున పడే చారలాంటిదే. టైరు రాసుకుంటే పడేది.

ఆమె కదలకుండా చూసింది. పిల్ల కాళ్ళు తన్నుకుంటోంది. తన్నినప్పుడల్లా కాటా కాళ్ళు నున్నటి బల్లమీద వెంట్రుకవాసి జారుతున్నాయి, పల్లంవైపు, గోడవైపు. ఆ ఎండిపోయిన రబ్బరు బుడిపెలకి పట్టు ఎక్కడిది. మొదటిరోజు గోడకి దూరంగా పెట్టిన కాటా, రోజూ పిల్ల తన్నులు తిని, కొంచెం కొంచెంగా వెళ్ళి గోడకి ఆనుకుంది. పళ్ళెం ఖాళీగా ఉంటే అంచు గోడని తాకీ తాకనట్టుంటుంది, ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది. పిల్లని పెట్టగానే పళ్ళెం ఒరిగి గోడకి గట్టిగా ఒత్తుకుంటుంది. పావుకిలో బరువులో కొంత ఇన్నాళ్ళూ గోడ మోసింది.

"ఏమయ్యా" అని పిలిచింది. "ఇలా రా."

గ్రాము పాలసీసాతో పరిగెత్తుకొచ్చాడు. ఆమె ఒక చెయ్యి పిల్లమీద ఉంచి, రెండో చేత్తో కాటాని గోడనుంచి ఇవతలికి లాగింది. ఎంతో కొలవలేదు. చెయ్యి దానంతట అదే ఆగింది, జానెడు దగ్గర.

ముల్లు ఒక్కసారి ఎగిరింది. ఎగిరి, ఊగి, ఊగి, వాళ్ళు చాలా రోజులుగా చూడనంత దూరం వెళ్ళి నిలబడింది.

గ్రాము ముల్లుని చూశాడు. గోడమీద చారని చూశాడు. మోకాళ్ళమీద కూర్చుని కాటా కాళ్ళకింద వేలు పెట్టి చూశాడు. తర్వాత అక్కడే నేలమీద చతికిలపడ్డాడు.

"ఎవరైనా చూశారా?" అన్నాడు.

"పావుకిలో చూసింది. అది ఎవరికీ చెప్పదు." ఆ మాటతో పాటు వచ్చిన నవ్వు సగంలో తెగిపోయింది. "బట్టలు సంచిలో పెట్టేశాను, గ్రామూ."

గారు లేదు. అతను తలెత్తలేదు. "నా కాటా తప్పు చూపిస్తుందనుకోలేదు."

"పిల్లది తప్పనుకున్నావు. నాది తప్పనుకున్నావు."

"నీది అనుకోలేదు" అన్నాడు. "నాది అనుకున్నా. నా చేతిలో అది తిన్నది ఒంటికి పట్టడం లేదనుకున్నా."

ఆమె దగ్గర ఇంకా చాలా మాటలున్నాయి. వదినగారికి చెప్పాల్సినవి, నర్సుకి చెప్పాల్సినవి, ఇతనికే చెప్పాల్సినవి మరికొన్ని. ఎండి పెంకయిన బుడిపెల గురించే ఓ పూట తిట్టొచ్చు. అయితే నేలమీద పాలసీసా గుండెకి ఆనించుకుని కూర్చున్న మనిషిని చూస్తే, ఆ మాటలన్నీ సాయంత్రం దాకా నిలవ ఉంటాయిలే అనిపించింది. పిల్లని ఎత్తి అతని ఒళ్ళో పెట్టింది. పిల్ల సీసా లాక్కున్నంత పని చేసింది.

"ఆగు, రాళ్ళు పెట్టి ఓసారి సరిచూసి, మళ్ళీ మొదటినుంచీ తూస్తా. కచ్చితంగా ఎంతో..."

"తర్వాత చెప్పు" అంది ఆమె, గుమ్మం దగ్గర సంచి విప్పుతూ. "నాకు బస్సుంది."

ఆ రోజు డిపోలో ఇస్త్రీ మడతలు చూసి కండక్టరు కుర్రాడు ఊరుకోలేదు. "ఏంటక్కా, పెళ్ళికొచ్చినట్టు వచ్చావు?" అన్నాడు. ఆమె అద్దం సరిచేసుకుంటూ "తలుపు వెయ్యి ముందు" అంది.

సాయంత్రం, డిపోకి ముందు స్టాపులో ఆపబోతూ చూసింది. గ్రాము నిలబడి ఉన్నాడు, పిల్ల భుజమ్మీద ఉంది. చేతిసంచిలోంచి కొత్త రబ్బరు బుడిపెల పొట్లం తొంగిచూస్తోంది. బస్సు కాలిబాటకి జానెడు దూరంలో ఆగింది. అతను ముందు తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఎంత?"

"రెండు బత్తాయిలు. ఇల్లు మారినప్పట్నుంచీ చూస్తే. రాళ్ళు పెట్టి మూడుసార్లు చూశా."

"పెద్ద బత్తాయిలా, చిన్నవా?"

"పెద్దవే."

"మీ అక్కకి చెప్పావా?"

"చెప్పా." గ్రాము కాస్త తటపటాయించాడు. "చూశావా, ఒక్కపూట తల్లి వాసన తగిలేసరికి పిల్ల కోలుకుంది అంది."

ఆమె స్టీరింగుమీద నుదురు ఆనించి నవ్వింది. వెనకనుంచి ఎవరో పెద్దాయన, అమ్మా ఇల్లు చేరాలి మేము కూడా అన్నాడు. కండక్టరు రైట్ అన్నాడు. పిల్ల ఆమెవైపు చూడనేలేదు, తిరగడం మొదలుపెట్టిన బస్సు చక్రాన్నే నోరు తెరుచుకుని చూస్తోంది.

కదిలాక పక్క అద్దంలో చూసింది. కాలిబాటమీద గ్రాము పిల్లని రెండు అరచేతుల్లోకి తీసుకుని, కొంచెం పైకీ కిందికీ ఆడిస్తున్నాడు, కళ్ళు సగం మూసుకుని. ఆ తర్వాత ముద్దు పెట్టుకున్నాడో లేదో ఆమె చూడలేదు. ముందు మలుపు వచ్చింది.